ట్రాక్ సైక్లింగ్ ఛాంపియన్‌షిప్ ఫలితాల పట్టిక ఎలా చదవాలి? ట్రాక్ లేని నెల్లూరు జిల్లాలో కుర్రాడు తన టైమును దేనితో పోల్చుకోవాలి?

కావలి నుంచి అడిగినవారి సందేహం టూకీగా ఇది. తమ్ముడికి పదహారేళ్లు, రోడ్డు సైకిల్ మీద సాధన చేస్తున్నాడు. ఒలింపిక్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ పట్టికలు చూసి, "200 మీటర్లకు వాళ్లకు 9 సెకన్లు, నాకు 13. నాలుగు సెకన్లేగా తేడా" అంటున్నాడు. రజతం వచ్చిన జట్టు కంటే కాంస్యం వచ్చిన జట్టు టైము మెరుగ్గా ఉండటమేమిటో అర్థం కాలేదు. ట్రాక్ లేనిచోట టైము కొలిచే పద్ధతి కూడా కావాలి.

ఆ నాలుగు సెకన్ల సంగతి ముందు చూద్దాం. 2024 పారిస్ ఒలింపిక్స్ స్ప్రింట్ అర్హత రౌండులో నెదర్లాండ్స్ రైడర్ హ్యారీ లావ్రేసన్ 200 మీటర్లు 9.088 సెకన్లలో పూర్తి చేశాడు, అంటే గంటకు 79 కిలోమీటర్ల పైమాట. 13 సెకన్లంటే గంటకు 55. లావ్రేసన్ గీత దాటే క్షణానికి మీ తమ్ముడు ఇంకా 60 మీటర్లు వెనక ఉంటాడు. దూరం కంటే పెద్ద విషయం బలం. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. 55 నుంచి 79కి వెళ్లాలంటే సుమారు మూడు రెట్లు శక్తి కావాలి. ఇది కుర్రాడిని నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. ఎలా సాధించిన అంకె అన్నది తెలియకుండా పోల్చుకుంటే మంచి రైడర్ కూడా తన స్థాయిని తప్పుగా అంచనా వేసుకుంటాడు.

పైగా రెండు చోట్లా పరుగు ఒకటి కాదు. ప్రపంచ పోటీల ట్రాక్ చుట్టు 250 మీటర్లు, చెక్క పరిచినది, మలుపుల్లో వాలు 42 నుంచి 45 డిగ్రీల దాకా ఉంటుంది. రైడర్ మూడున్నర చుట్లు తిరుగుతాడు, అందులో చాలాభాగం పైఅంచు వెంబడే. 200 మీటర్ల గీత దగ్గర పడేసరికి ఆ వాలు మీద నుంచి కిందికి దూకుతాడు. ఏడు మీటర్ల వెడల్పు ట్రాక్ మీద పైనుంచి కిందికి వస్తే దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు కలిసొస్తుంది. సెకనుకు 18 మీటర్ల వేగంతో వస్తున్నవాడికి ఆ నాలుగు మీటర్లే సెకనుకు 20 మీటర్ల వేగం ఇస్తాయి. గంటకు ఏడు కిలోమీటర్లు ఊరికే వచ్చినట్టు. మైపాడు రోడ్డు మీద ఆ దిగుడు ఎక్కడిది? కాబట్టి చదునైన రోడ్డు మీద నిజంగా 13 సెకన్లు వచ్చి ఉంటే, అది ట్రాక్ మీది 13 కంటే మంచి టైము.

ఇక పట్టికకు వస్తే, అంకె చూసే ముందు మూడు సంగతులు చూడండి: నిలబడ్డ చోటి నుంచి బయలుదేరారా, వేగంతో వస్తూ గీత దాటారా? ఒంటరిగా తొక్కారా, ముందు వేరేవాళ్లు గాలికి అడ్డుగా ఉన్నారా? అది అర్హత రౌండా, పతకం పోరా?

పారిస్ అంకెలతోనే చూపిస్తాను. పురుషుల టీమ్ స్ప్రింట్‌లో (ముగ్గురు బయలుదేరి, ఒక్కో చుట్టు ఒక్కొక్కరు ముందుండి లాగి తప్పుకునే పందెం) నెదర్లాండ్స్ మూడు చుట్లు, 750 మీటర్లు, 40.949 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టింది. సగటు గంటకు 65.9 కిలోమీటర్లు. టీమ్ పర్స్యూట్‌లో (నలుగురు ఒకరి వెనక ఒకరు తొక్కే పందెం) ఆస్ట్రేలియా మొదటి రౌండులో 4 కిలోమీటర్లు 3:40.730లో తొక్కింది, అదీ ప్రపంచ రికార్డే. సగటు 65.2. నలభై సెకన్ల పందెం, మూడు నిమిషాల నలభై సెకన్ల పందెం, రెండింటి సగటూ దాదాపు ఒకటే! కారణం, టీమ్ స్ప్రింట్‌లో మొదటి చుట్టు సున్నా నుంచి మొదలవుతుంది. మేటి జట్ల మొదటి రైడర్‌కు ఆ 250 మీటర్లకే 17 సెకన్ల దాకా పడుతుంది. మిగతా రెండు చుట్లు ఎంత వేగంగా తొక్కినా ఆ భారం సగటులో ఉండిపోతుంది.

ఒంటరిగా తొక్కే పర్స్యూట్ కూడా 4 కిలోమీటర్లే. 2024 అక్టోబరులో డెన్మార్క్‌లోని బాలరప్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఇటలీ రైడర్ జొనాథన్ మిలాన్ 3:59.153తో గెలిచాడు, సగటు గంటకు 60.2. జట్టుగా తొక్కితే 65, ఒంటరిగా 60. ఆ ఐదు కిలోమీటర్లు ముందువాడి చాటున దొరికేవి. బాలరప్‌లో అర్హత రౌండులోనే బ్రిటన్ రైడర్ జోష్ చార్ల్టన్ ప్రపంచ రికార్డు పెట్టాడు, ఫైనల్లో మిలాన్ దాన్ని దాటాడు. అందుకే ఆ పట్టికలో రెండు చోట్ల 'ప్రపంచ రికార్డు' గుర్తు కనిపిస్తుంది. అచ్చుతప్పు కాదు.

రజతం కంటే కాంస్యం వేగంగా ఉండటానికి కారణం పర్స్యూట్ పద్ధతే. చివరి రోజు బంగారు పతకం కోసం ఇద్దరు, కాంస్యం కోసం వేరే ఇద్దరు పోటీపడతారు. బంగారు పోరులో ఓడినవాడికి టైముతో పనిలేదు, రజతం ఖాయం. పారిస్ టీమ్ పర్స్యూట్‌లో బ్రిటన్ 3:44.394తో రజతం తీసుకుంది, ఇటలీ 3:44.197తో కాంస్యం తీసుకుంది. ఆస్ట్రేలియా బంగారు టైము 3:42.067, తాను మొదటి రౌండులో పెట్టిన రికార్డు కంటే తక్కువ వేగం. జట్టులో నలుగురున్నా టైము ఆపేది మూడో రైడర్ ముందు చక్రం గీతను తాకినప్పుడు. నాలుగోవాడు ముందే అలసి పక్కకు తప్పుకున్నా పరవాలేదు. కానీ మిగిలిన ముగ్గురిలో ఒకడు రెండు మీటర్లు వెనకబడితే జట్టు టైమంతా వాడిదే.

స్ప్రింట్ పట్టికలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. అర్హత రౌండు టైమే శక్తికి కొలత. ఆ తర్వాత ఇద్దరిద్దరుగా తలపడే హీట్లలో చివరి 200 మీటర్ల టైము వేస్తారు, కానీ అది వ్యూహం టైము. మొదట ఇద్దరూ నడకలా తిరుగుతారు, ఒకరినొకరు చూసుకుంటూ పెడళ్ల మీదే నిలబడతారు. చివరి చుట్టులో ఎవరు ఎప్పుడు లేచి పూర్తి వేగం అందుకుంటారో దాన్నిబట్టి టైము వస్తుంది. 9.2 సెకన్లలో అర్హత పొందినవాడు 10 సెకన్ల పైన హీటు గెలిస్తే బలం తగ్గిందని కాదు. క్వార్టర్ ఫైనల్ నుంచి మూడింటిలో రెండు గెలిస్తే చాలు. కుర్రాడికి చూపించవలసింది హీట్ల వీడియో, పోల్చుకోవలసింది అర్హత టైము.

కీరిన్‌లో అసలు టైము చూడకండి. ఆరు చుట్లు, ముందు మోటారు సైకిల్ గంటకు 30 నుంచి 50 కిలోమీటర్ల దాకా వేగం పెంచుతూ దారి తీసి, మూడు చుట్లు మిగిలుండగా పక్కకు వెళ్లిపోతుంది. స్థానాలు మాత్రమే ముఖ్యం.

గుంపు పందేలలో పాయింట్లు చదవాలి. ఆమ్నియంలో ఒకే రోజు నాలుగు పందేలు: స్క్రాచ్ (చివరికి ముందు గీత దాటినవాడే విజేత), టెంపో (చుట్టు చుట్టుకూ ముందున్నవాడికి పాయింటు), ఎలిమినేషన్ (ఆఖరివాడు తప్పుకుంటూ పోయేది), పాయింట్స్ రేస్. మొదటి మూడింటిలో గెలిచినవాడికి 40, రెండోవాడికి 38, మూడోవాడికి 36, ఇలా రెండేసి తగ్గుతాయి. 20వ స్థానానికి 2, ఆ కిందివాళ్లందరికీ ఒక్కోటి. ఆ మొత్తంతోనే నాలుగో పందెం మొదలవుతుంది. అక్కడ ప్రతి పది చుట్లకు ఒక స్ప్రింటు, మొదటి నలుగురికి 5, 3, 2, 1. ఆఖరి స్ప్రింటుకు రెట్టింపు. గుంపును ఒక చుట్టు దాటేస్తే 20 కలుస్తాయి, ఒక చుట్టు వెనకబడితే 20 పోతాయి. పట్టికలో ప్లస్ 20, మైనస్ 20 అని కనిపించేవి ఇవే. ఒక్క చుట్టు లాభం అంటే ముందటి పందెంలో పది స్థానాల తేడాతో సమానం. అందుకే మూడు పందేల తర్వాత ఐదో స్థానంలో ఉన్నవాడు పతకంతో వెళ్లడం వింతేమీ కాదు. మాడిసన్ కూడా ఇదే లెక్క, కాకపోతే ఇద్దరిద్దరు జంటగా, చేయి పట్టుకుని విసురుకుంటూ మార్చుకుంటారు. పురుషులకు 50 కిలోమీటర్లు, స్త్రీలకు 30.

పక్కన కనిపించే అక్షరాలు: డీఎన్‌ఎస్ అంటే బయలుదేరలేదు, డీఎన్‌ఎఫ్ అంటే ముగించలేదు, డీఎస్‌క్యూ అంటే పోటీ నుంచి తొలగించారు, ఆర్‌ఈఎల్ అంటే తప్పు చేసినందుకు స్థానం దించారు. ఈ చివరిది టీమ్ స్ప్రింట్‌లో తరచూ చూస్తారు. ముందువాడు తన చుట్టు పూర్తిగా లాగి, గీత దగ్గర నిర్ణీత స్థలంలోనే పక్కకు తప్పుకోవాలి. తొందరపడి ముందే తప్పుకున్నా, ఆలస్యం చేసినా మంచి టైము ఉన్న జట్టు కూడా చివరికి పోతుంది.

పాత పట్టికలతో ఇంకో చిక్కుంది. స్త్రీల టైమ్ ట్రయల్ 2024 వరకు 500 మీటర్లు, వ్యక్తిగత పర్స్యూట్ 3 కిలోమీటర్లు. 2025 నుంచి పురుషులతో సమానంగా 1 కిలోమీటరు, 4 కిలోమీటర్లు. మీ ఊళ్లో ఆడపిల్లలు కూడా సాధన చేస్తుంటే ఏ ఏడాది పట్టికో చూసి పోల్చండి.

ఎక్కడ పెట్టిన టైము అన్నది కూడా చిన్న సంగతి కాదు. నాలుగు నిమిషాల లోపు మొదటి పర్స్యూట్ టైమును ఆష్టన్ లాంబీ 2021లో మెక్సికోలోని అగ్వాస్కలియెంటెస్‌లో పెట్టాడు. ఆ ఊరు సముద్ర మట్టానికి 1,800 మీటర్లకు పైన ఉంది. 2025 ఆగస్టులో మాథ్యూ రిచర్డ్‌సన్ 200 మీటర్లను 8.857 సెకన్లకు దించింది టర్కీలోని కొన్యాలో, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి పదో వంతు పలచబడుతుంది. 15 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు వేడెక్కినా ఇరవయ్యో వంతు పలచబడుతుంది. లోపలి ట్రాకుల్లో హాలును వెచ్చగా ఉంచేది ఇందుకే. మన తీరంలో ఎత్తు లేదు, వేడి మాత్రం ఉంది. జనవరి తెల్లవారుజామున వచ్చిన టైమును మే నెల టైముతో కలిపి రాయకండి. ప్రతి టైము పక్కన ఉష్ణోగ్రత, గాలి దిశ రాసిపెట్టండి.

మీ తమ్ముడు చూడవలసిన పట్టిక పెద్దలది కాదు, జూనియర్లది, అంటే 17, 18 ఏళ్లవాళ్లది. మనవాళ్లు అక్కడ నిలబడ్డారు కూడా. 2018లో ఏసో ఆల్బెన్ జూనియర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ కీరిన్‌లో రజతం తెచ్చాడు. 2019లో జర్మనీలో జరిగిన పోటీలో ఏసో, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ టీమ్ స్ప్రింట్‌లో బంగారు పతకం గెలిచారు. 2022లో ఢిల్లీ ఆసియా ఛాంపియన్‌షిప్ స్ప్రింట్ ఫైనల్లో రొనాల్డో జపాన్ రైడర్ కెంటో యమసాకి చేతిలో ఓడి రజతంతో ఆగాడు. ఆ యమసాకియే 2024 బాలరప్‌లో కీరిన్ ప్రపంచ విజేత అయ్యాడు. మన కుర్రాళ్లు పోటీపడుతున్నది ఎలాంటివాళ్లతోనో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు ట్రాక్ లేకుండా కొలవడం.

రోడ్డు ఎంపికే సగం పని. మొత్తం కిలోమీటరు పైన తిన్నగా, చదునుగా ఉండాలి: వేగం పుంజుకోవడానికి 500 మీటర్లు, కొలతకు 200, నెమ్మదించడానికి 300. హైవే వద్దు. కృష్ణపట్నం పోర్టు రోడ్డు, ఒంగోలు వైపు చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు అసలే వద్దు. తీరం వైపు రొయ్యల గుంటల మధ్య పోయే రోడ్లు చదునుగా ఉంటాయి, కానీ మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లేస్తుంది. తెల్లారాక ఆరు, ఏడు గంటల మధ్య కొలవడం మేలు. సెకనుకు రెండు మీటర్ల ఎదురుగాలి మామూలుగా చెంపకు తగిలినట్టే ఉంటుంది, టైములో అర సెకను నుంచి సెకను దాకా తినేస్తుంది. రెండు వైపులా తొక్కి సగటు తీయండి. అయినా గాలి పూర్తిగా కొట్టుకుపోదు, ఎదురుగాలిలో పోయిన టైమంతా వెనకగాలిలో తిరిగి రాదు. ఆకులు కదులుతుంటే ఆ రోజు కొలత మానుకోండి. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు కదా. కుప్ప ఎత్తేసినా గింజలు అంచున మిగిలిపోతాయి, 55 వేగంలో సన్న టైరు కింద గింజలు పడితే చక్రం నిలవదు. ముందు ఒకసారి నెమ్మదిగా వెళ్లి చూసి రావాలి.

దూరం 50 మీటర్ల టేపుతో కొలవండి, ఫోన్ జీపీఎస్‌తో కాదు. టేపు బిగుతుగా లాగి, తెల్ల అంచుగీత వెంబడి నాలుగుసార్లు. 0, 100, 200 మీటర్ల దగ్గర సున్నంతో అడ్డగీత వేయండి.

స్టాప్‌వాచ్ పనికిరాదు. చేతి ఆలస్యం 0.2 సెకను అనుకున్నా ఆ వేగంలో మూడు మీటర్లు. రెండు ఫోన్లతో వీడియో తీయడం మేలు. సెకనుకు 60 ఫ్రేముల మామూలు వీడియో పెట్టండి. స్లో మోషన్ పెడితే ఫైలులో కాలం సాగిపోయి లెక్క గందరగోళం అవుతుంది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టి, వాటి ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. రికార్డింగ్ ఆపకుండానే ఒకటి 0 గీత దగ్గరికి, ఇంకొకటి 200 గీత దగ్గరికి తీసుకెళ్లి, గీతకు సరిగ్గా ఎదురుగా స్టాండు మీద పెట్టండి. చేత్తో పట్టుకుంటే వణుకుతుంది, ఏటవాలుగా పెడితే చక్రం గీతను తాకకముందే తాకినట్టు కనిపిస్తుంది. ఇంటికొచ్చాక రెండు వీడియోల్లోనూ చప్పట్ల ఫ్రేమును సున్నాగా పెట్టుకుని, ముందు చక్రం గీతను తాకిన ఫ్రేము ఎక్కడుందో చూడండి. రెండు క్షణాల తేడాయే టైము. ఒక ఫ్రేము తప్పినా తేడా 0.017 సెకను, పాతిక సెంటీమీటర్లు. మూడో ఫోన్ దొరికితే 100 గీత దగ్గర పెట్టండి. రెండో వంద మొదటి వంద కంటే 0.3 సెకను ఎక్కువ తీసుకుంటే బలం చాలలేదని కాదు, చాలా ముందుగా లేచాడని. ఇంకో 50 మీటర్లు ఆగి లేవమనండి.

గేరు మార్చకూడదు. ట్రాక్ సైకిల్‌కు ఒకే గేరు ఉంటుంది, వేగం పెడళ్ల వేగంతోనే వస్తుంది. 700 చక్రానికి 25 టైరు వేస్తే చుట్టుకొలత సుమారు 2.10 మీటర్లు. మనిషి కూర్చుని ఉండగా ఒక చుట్టు దొర్లించి నేల మీద కొలిస్తే మీ సైకిల్ లెక్క వస్తుంది. ముందు 50 పళ్లు, వెనక 15 పెడితే ఒక తొక్కుకు 7 మీటర్లు. గంటకు 55 అంటే నిమిషానికి 131 తొక్కులు, 60 అంటే 143. ఈ గేరులో 130 దాటగానే తుంటి ఎగిరెగిరి పడుతుంటే, ముందు కాళ్ల వేగం మీద పని చేయాలి. మేటి స్ప్రింటర్లు చాలా పెద్ద గేర్లు వాడతారని విని 50, 11 పెట్టి లాగే కుర్రాళ్లుంటారు. రోడ్డు మీద దిగుడు లేకుండా ఆ గేరును తిప్పేసరికే 200 అయిపోతుంది.

ట్రాక్ సైకిల్ కొని రోడ్డు మీద తొక్కడం మాత్రం వద్దు. బ్రేకులుండవు, ఫ్రీవీల్ ఉండదు, చక్రం తిరిగినంతసేపూ కాళ్లు తిరగాల్సిందే. కొన్నాక చూసుకోవలసినవి: వెనక కాగ్‌ను (పళ్లచక్రాన్ని) బిగించే లాక్‌రింగ్‌కు ఎడమ మర ఉంటుంది, మామూలు నట్టులా తిప్పితే ఊడుతుంది. చైను మధ్యలో వేలితో కదిపితే ఒక సెంటీమీటరు ఆడాలి. మరీ వదులైతే పరుగులో చైను జారి వెనక చక్రం బిగుసుకుపోతుంది, మరీ బిగుతైతే బేరింగులు అరుగుతాయి. చక్రం రెండు నట్లూ 15 సైజు స్పానరుతో, ప్రతి సెషన్ ముందు.

అసలు ట్రాక్ అనుభవానికి మీకు అందుబాటులో ఉండేది హైదరాబాదు ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలోని వెలోడ్రోమ్, ఆరుబయటి సిమెంటు ట్రాక్. అనుమతి, సమయాలు ముందే మాట్లాడుకుని వెళ్లండి. సింహపురి ఎక్స్‌ప్రెస్ కావలిలో ఎక్కితే సికింద్రాబాదులో దిగొచ్చు, అక్కడి నుంచి క్యాంపస్ దగ్గరే. సైకిల్ రెండు చక్రాలూ విప్పి, గేరు పళ్ల మీద అట్ట కట్టి, సంచిలో పెట్టండి. అంతర్జాతీయ స్థాయి 250 మీటర్ల చెక్క ట్రాక్ ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియంలో ఉంది. జాతీయ శిక్షణ కూడా అక్కడే.

మొదటి రోజు వాలు మీదికి ఎక్కనివ్వకండి. లోపలి చదును పట్టీ మీద ఫిక్స్‌డ్ గేరుతో ఆగడం, బయలుదేరడం అలవాటయ్యాక నల్లగీత వెంట, ఆ తర్వాత ఎర్రగీత, ఆపైన నీలిగీత. పైకి ఎక్కే ముందు ప్రతిసారీ కుడి భుజం మీదుగా వెనక్కి చూడాలి. నిటారు వాలున్న 250 ట్రాక్ అయితే మలుపులో వేగం గంటకు 30కి తగ్గనివ్వకూడదు, తగ్గితే టైరు జారి కిందికి వచ్చేస్తాడు. నీలిగీత మీద నాలుగైదు చుట్లు తడబాటు లేకుండా తిరిగాక ఫ్లయింగ్ 200 (వేగంతో వస్తూ గీత దాటి తొక్కే 200 మీటర్లు) టైము తీయించండి.